చెరకు మిల్లు జాంబీ, శ్మశానం జాంబీ

1932 నాటి ‘వైట్ జాంబీ’ సినిమాలో, కరీబియన్ దేశం హైతీలోని చెరకు మిల్లులో శవాల్లాంటి కూలీలు గానుగ తిప్పుతుంటారు. ఒకడు కాలు జారి అందులో పడిపోతాడు. మిగతావాళ్లు తలైనా తిప్పరు, గానుగా ఆగదు. ఈ జాంబీ, అంటే లేచి తిరిగే శవం, ఎవరినీ కొరకడు. మంత్రగాడి చేతిలో కీలుబొమ్మ. చచ్చినా చాకిరీ తప్పదేమోనన్న హైతీ బానిసల భయమే అతడికి పుట్టినిల్లు. ఉప్పు తింటే తెలివి వచ్చి సమాధికి తిరిగి వెళ్తాడని అక్కడి నమ్మకం.

1968లో జార్జ్ రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ శవాలకు యజమాని లేడు, ఆకలే ఉంది. ఉప్పుతో పని కాదు, తలలో గుండు దిగాలి. తమాషా ఏమిటంటే, ఆ సినిమాలో జాంబీ అన్న మాటే వినిపించదు! తర్వాతి సినిమాల జాంబీలు చాలావరకు దీని సంతానమే. పరుగు మాత్రం కొత్తగా నేర్చాయి. నన్ను ఎక్కువగా వణికించేది ఆ గానుగ చప్పుడే.