మోచేయి పట్టేసిందని మర్దనా ప్యాకేజీలకు డబ్బు కట్టకండి

మార్చిలో స్కూటీ మీంచి పడి నా కుడి మోచేయి కీలు తప్పింది. డాక్టర్ గారు సరిచేసి మూడు వారాలు కట్టు ఉంచారు. విప్పేసరికి చేయి వంగిన చోటే బిగుసుకుపోయింది. అన్నం ముద్ద నోటికి అందేది కాదు, మెడ వంచి అందుకునేదాన్ని. "మీ అంతట మీరే రోజుకి నాలుగైదు సార్లు వంచి చాచండి, ఇంకొకరిని లాగనివ్వకండి" అన్నారు ఫిజియోథెరపిస్ట్. రెండు వారాలకి మోచేయి కదలిక పదిహేను డిగ్రీలు పెరిగింది. నాకది చాలలేదు.

తెలిసినవాళ్లు చెబితే ఎముకల మర్దనా చేసే ఒకతని దగ్గరికి వెళ్లాను. పదిహేను రోజుల ప్యాకేజీ 9,000, మొత్తం ముందే కట్టాలి. చేయి తిన్నగా రాకపోతే డబ్బు వాపస్ అన్నాడు. రసీదు అడిగితే "మన మధ్య కాగితాలెందుకక్కా" అన్నాడు.

పీట మీద కూర్చోబెట్టి, వేడి ఆముదం పట్టించి, నా జబ్బని మోకాలితో అదిమిపెట్టి మణికట్టు పట్టుకుని లాగేవాడు. కేక పెడితే "ఓర్చుకో అక్కా, నరం వదులుతోంది" అనేవాడు. ఐదో రోజుకి మోచేయి ముందు భాగం వాచి, ముట్టుకుంటే వేడిగా కాలిపోతోంది. వచ్చిన పదిహేను డిగ్రీలూ పోయాయి. వాపుకి ఇంకా నూనె పట్టించాలన్నాడు. నేను మళ్లీ వెళ్లలేదు.

నెల తర్వాత తీసిన ఎక్స్‌రేలో, కండ ఉండాల్సిన చోట మబ్బులా తెల్లటి మచ్చ. దెబ్బ తిన్న కండలో ఎముక పెరుగుతోందట. మయోసైటిస్ ఒసిఫికన్స్ అంటారు. దెబ్బ తగిలిన మోచేతిని గట్టిగా పిసికినా, బలవంతంగా లాగినా ఇది వచ్చే ప్రమాదం ఎక్కువని డాక్టర్ గారు చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు. చేయి పూర్తిగా తిన్నగా రాకపోయినా, 30 నుంచి 130 డిగ్రీల మధ్య (పూర్తిగా చాచిన చేయి సున్నా అనుకుంటే) కదిలితే రోజువారీ పనులు చాలావరకు జరిగిపోతాయట. ఇది ముందే తెలిసుంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

ఆన్‌లైన్‌లో 2,400 పెట్టి కొన్న మోచేయి బెల్టూ దండగే. అది కీలుని కదలకుండా పట్టి ఉంచేది, నాకు కావాల్సింది మెల్లగా స్క్రూ తిప్పుతూ చాచే స్ప్లింట్. అది కూడా డాక్టర్ చెబితేనే వాడాలి.

డబ్బు తిరిగి ఇవ్వలేదు. రసీదు లేకపోయినా ఫోన్‌లో కట్టిన వివరాలతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. పెరిగిన ఎముక గట్టిపడేదాకా ఆగి, ఆపరేషన్ సంగతి అప్పుడు చూద్దామన్నారు డాక్టర్ గారు. మీకైనా, మీ పిల్లలకైనా మోచేయి కట్టు విప్పాక ఎవరైనా మర్దనా అంటే మాత్రం ఒప్పుకోకండి. ఇప్పటికే చేయిస్తూ ఉండి వాపు, వేడి కనిపిస్తే ఈరోజే ఆపించి ఎముకల డాక్టర్‌కి చూపించండి.