జాగ్రత్త: జుట్టు టోనర్ కొనేటప్పుడు షాపువాడి స్టిక్కరు పీకి చూడండి

పార్లర్ సామాన్లు హోల్‌సేల్ రేటుకి వస్తాయని విజయవాడ వన్‌టౌన్ వెళ్ళేవాళ్ళు ఇది చదివి వెళ్ళండి. ముఖ్యంగా ఇంట్లో కలర్ వేసుకుని జుట్టు ఆరెంజ్ తిరిగినవాళ్ళు. రేపు ఆఫీసుకి ఎలా వెళ్ళాలిరా దేవుడా అన్న కంగారులో ఉన్న మనిషికి ఏదైనా అంటగట్టొచ్చని అక్కడ ఒక షాపువాళ్ళకి బాగా తెలుసు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. ఈ పని చేసేది వాళ్ళొక్కళ్ళే అని కూడా నేననుకోవడం లేదు.

ముందు వైపు పాయలకి బ్లీచ్ పెట్టి హైలైట్స్ వేసుకున్నాను. ఆరెంజ్ దగ్గర ఆగింది. ఇందులో వింతేమీ లేదు. మన నల్లజుట్టులో రంగు ఒక్కసారిగా పోదు. ముందు ఎరుపు, తర్వాత ఆరెంజ్, ఆ తర్వాత పసుపు, చివరికి లేత పసుపు, ఈ వరసలోనే దిగుతుంది. మధ్యలో ఆగినచోట కనిపించే ఆ రాగి మెరుపుని చంపడానికి టోనర్ వేస్తారు. షాపులో నేను అడిగింది స్పష్టంగా ఇదే: నీలం బేస్ ఉన్న యాష్ (బూడిద ఛాయ) టోనర్, దానిలో కలిపే 10 వాల్యూమ్ డెవలపర్ (వాల్యూమ్ అంకె పెరిగేకొద్దీ ఘాటు పెరుగుతుంది).

కౌంటర్లో కుర్రాడు నా జుట్టు వైపు చూసి నవ్వాడు. "ఇదేనక్కా, అందరూ ఇదే తీసుకెళ్తారు" అని ఒక ట్యూబు డబ్బా ముందు పెట్టాడు. నీలం ఉందా బాబూ అంటే, "నీలం, ఊదా అన్నీ ఒకటేనక్కా, కంపెనీ తేడా అంతే" అన్నాడు. ఇంతలో ఓనరు కల్పించుకుని, "10 అయిపోయిందమ్మా, 20 తీసుకో, ఇంకా బాగా పట్టుద్ది" అన్నాడు. కొన్ని టోనర్లకి 20 వాడటం ఉన్నదే కాబట్టి సరే అన్నాను. డబ్బా మీద "యాష్ టోనర్" అని, సీసా మీద "20" అని షాపు రేటు స్టిక్కర్లే ఉన్నాయి. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద "కాస్మెటిక్స్" అని గిలికి, కింద మొత్తం వేసి ఇచ్చారు.

కలిపి పాయలకి రాసిన కాసేపటికే మాడు వేడెక్కడం మొదలైంది. చురచురలాడుతుంటే ఇంక ఆగలేక కడిగేశాను. ఆరెంజ్ పోకపోగా ఇంకా లేతగా, ఇంకా మెరుస్తూ పైకి వచ్చింది. తడి వెంట్రుక ఒకటి వేళ్ళ మధ్య పట్టి లాగితే సాగి, వెనక్కి ముడుచుకోకుండా తెగింది. సీసా బాత్రూమ్ గట్టు మీద తడిసి పడి ఉంది, స్టిక్కరు ఒక పక్కకి జారింది. కింద కంపెనీ అచ్చు: 12 శాతం.

లెక్క తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. 10 వాల్యూమ్ అంటే 3 శాతం, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12. అంటే నాకు 20 అని చెప్పి ఇచ్చింది 40. టోనర్ పని ఉన్న రంగు మీద ఇంకో రంగు పరచడం. 40 పని రంగు పీకెయ్యడం. అప్పటికే బ్లీచ్ తిన్న జుట్టు మీద, మాడుకి తగిలేలా అది పెట్టకూడదు.

ట్యూబు డబ్బా మీద స్టిక్కరు కూడా గోటితో పీకాను. కింద 9.2 అని ఉంది. చాలా కంపెనీల్లో చుక్కకి ముందు అంకె జుట్టు ఎంత లేతగా ఉందో చెప్తుంది, 1 అంటే నలుపు, 10 అంటే బాగా లేత. చుక్క తర్వాత అంకె ఛాయ: 1 అయితే యాష్, 2 అయితే ఊదా, 3 బంగారు, 4 రాగి. యాష్ అని అంటించిన డబ్బాలో ఉన్నది ఊదా, అదీ లేత పసుపు దాకా దిగిన జుట్టుకి వేసేది. తెల్ల బట్టలు పసుపు పట్టితే నీలిమందు పెడతాం కదా, టోనర్‌ది కూడా అదే సూత్రం, ఎదురు రంగు వేసి చంపడం. పసుపుకి ఎదురు ఊదా. ఆరెంజ్‌కి ఎదురు నీలం. మన జుట్లు ఎక్కువగా ఆగేది ఆరెంజ్ దగ్గరే, షాపుల్లో మాత్రం ఎవరడిగినా చేతిలో పెట్టేది పర్పుల్, అంటే ఊదా షాంపూనే. పసుపు తేలిన చోట కొంచెం పని చేస్తుందేమో గానీ ఆరెంజ్ మీద దాని ప్రతాపం ఏమీ ఉండదు.

సీసా, డబ్బా, చీటీ పట్టుకుని షాపుకి వెళ్ళాను. ఓనరు చెప్పిన సమాధానం వినండి: "స్టిక్కరు కంపెనీ నుంచే వచ్చిందమ్మా." తన అచ్చు మీద తనే వేరే అంకె అంటించుకునే కంపెనీ ఏదో నాకైతే తెలీదు. "మరి వాడేసిన సీసా వెనక్కి ఎలా తీసుకుంటాం" అన్నాడు తర్వాత. గోడ మీద సరుకు వాపసు తీసుకోబడదు అన్న బోర్డు కూడా చూపించాడు. ఆ బోర్డు చూసి తిరిగి వచ్చెయ్యకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతుల కిందే రాశారు. లోపం ఉన్న సరుకుని బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అందులోనే ఉంది.

కొనేముందు స్టిక్కరు కింద ఏముందో చూపించమని అడగండి, పీకడానికి ఒప్పుకోకపోతే ఆ సరుకు వద్దు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అచ్చయి ఉండాలి. ఇక్కడ తయారైనదైతే లైసెన్సు నంబరు, బయటి దేశానిదైతే దిగుమతి చేసినవాళ్ళ పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవేమీ లేకుండా అర్థంకాని అక్షరాలతో మెరిసిపోయే డబ్బాలు అక్కడ బోలెడు. చిన్న ప్లాస్టిక్ సీసాల్లోకి ఒంపి లూజుగా అమ్మే డెవలపర్ జోలికైతే అసలు పోవద్దు, అది 3 శాతమో 12 శాతమో కంటితో చూసి చెప్పలేం.

నా జుట్టు చూసినవాళ్ళందరూ ఒక్కో వైద్యం చెప్పారు. గోరింటాకు పెట్టేస్తే కప్పేస్తుందే అంది మా పిన్ని. గోరింటాకు పండేదే ఎర్రగా, ఆరెంజ్ మీద పెడితే ఇంకా ఎర్రబడుతుంది తప్ప తగ్గదు. పోనీ నల్ల హెన్నా పాకెట్టా అంటే, వాటిలో చాలావాటికి నలుపు ఇచ్చేది పీపీడీ అనే రసాయనం. కాలిన మాడు మీద అది వద్దే వద్దు. మాడు బాగున్నా సరే, 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూసుకోవాలి. నిమ్మరసం రాసుకుని ఎండలో కూర్చోమన్నవాళ్ళూ ఉన్నారు. బెజవాడ ఎండలో! అది రంగుని ఇంకా లేత చేస్తుంది, ఆరెంజ్ ఇంకా పైకి తేలుతుంది.

చివరికి పటమటలో ఒక పార్లర్ ఆవిడ సరిచేసింది. మాడు మానేదాకా ముట్టుకోనంది. తర్వాత లేత చేసే ఆలోచనే మానుకుని 5.1 ట్యూబు, 3 శాతం డెవలపర్‌తో ముందు లోపలి పాయ ఒకటి వేసి చూసి, ఆపైన మిగతావి వేసింది. ఇప్పుడు మామూలు బ్రౌన్, ఎండలో చూసినా రాగి కనపడదు. బోరు నీళ్ళతో తలస్నానం తగ్గించమంది, అందులోని ఖనిజాలు బ్లీచ్ చేసిన జుట్టుకి పట్టి మళ్ళీ ఎర్రదనం తెస్తాయట. గుంటూరులో ఉప్పు బోర్లున్న అపార్ట్‌మెంట్లవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. ఈ స్టిక్కరు సరుకు మీకూ తగిలి ఉంటే సీసా కడిగి పారెయ్యకండి, స్టిక్కరుతో ఒక ఫోటో, పీకాక ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తెల్ల చీటీ పోయినా పర్లేదు, ఫోన్‌పేలో కట్టిన తేదీ, మొత్తం ఉంటాయి, ఆ స్క్రీన్‌షాట్ దాచండి.