మెయింటెనెన్స్ ఏజెన్సీకి అప్పగించాక: బిల్లులో ఏది నమ్మొచ్చు, ఏది నిలదీయాలి

అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ నిర్వహణంతా ఒక ఏజెన్సీకి అప్పగించి, నెలనెలా సర్వీస్ చార్జి కట్టే పద్ధతిని ఏళ్లుగా చూశాక నా మాట ఇది: పనికి ఇబ్బంది లేదు, ఇబ్బందంతా లెక్కల్లోనే. కాపలా, ఊడ్చడం, చెత్త ఎత్తడం కళ్లెదుటే జరుగుతాయి. హాజరు పట్టీ చూస్తే తేలిపోతుంది.

తేలనిది డీజిల్. జనరేటర్ ప్యానెల్ మీద నడిచిన గంటలు, ఇచ్చిన యూనిట్లు కనిపిస్తాయి. నెల మొదట, చివర వాటిని ఫొటో తీయండి. కండిషన్‌లో ఉన్న జనరేటర్ ముప్పావు లోడ్ (సామర్థ్యంలో మూడొంతుల భారం) మీద లీటరుకు సుమారు 3 నుంచి 3.5 యూనిట్లు ఇస్తుంది. 100 లీటర్లకు వోచర్లుండి మీటర్ 180 యూనిట్లే తిరిగితే ముందు జనరేటర్ సైజు అడగండి. అవసరానికి మించి పెద్దదైతే లోడ్ చాలక డీజిల్ ఎక్కువ తాగుతుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది. లోడ్ బాగానే ఉన్నా లెక్క కుదరకపోతే కొన్న బిల్లు, లాగ్‌బుక్, ట్యాంకులో మిగిలిన మట్టం మూడూ ఒకేసారి సరిచూడాలి.

కామన్ కరెంటు బిల్లు పెరిగితే రేట్లు పెరిగాయంటారు. ముందు నీళ్ల మోటారు చూడండి. 5 హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు నాలుగున్నర యూనిట్లు లాగుతుంది. రోజుకు 4 గంటలు అదనంగా తిరిగితే నెలకు 540 యూనిట్లు. నాన్ రిటర్న్ వాల్వ్ లీకై నీళ్లు వెనక్కి దిగిపోతున్నా, ట్యాంకు నిండగానే మోటారు ఆపాల్సిన ఫ్లోట్ పట్టేసి పైట్యాంకు పొర్లుతున్నా ఇలాగే అవుతుంది. వాల్వ్ లీకైతే, మోటారు ఆపిన వెంటనే పైపుకు చెవి ఆనిస్తే నీళ్లు జారే చప్పుడు వినిపిస్తుంది. వాల్వ్ మార్చడం ఒక పూట పని.

లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) విడిభాగాలతో కలిపా, సర్వీసుకే పరిమితమా? అగ్రిమెంట్‌లో మినహాయింపుల పేజీ చదవండి. కలిపి కట్టాక కూడా విడిగా స్పేర్ల బిల్లు వస్తే ఆ పేజీయే ఆధారం.

నాకు అస్సలు నచ్చనిది, ఖర్చులో ఇంత శాతమని వేసే మేనేజ్‌మెంట్ ఫీజు. ఖర్చు తగ్గిస్తే వాళ్ల ఫీజే తగ్గుతుంది, ఇక ఎందుకు తగ్గిస్తారు? ఫీజు స్థిరంగా ఉండాలి. అంతకన్నా ముఖ్యం కార్పస్ ఫండ్. రంగులు, వాటర్‌ప్రూఫింగ్, లిఫ్ట్ మార్పు కోసం దాచిన డబ్బు రోజువారీ ఖాతాలో కలిస్తే లోటు కనబడదు, తీరా పెద్ద పని వచ్చేసరికి ఇంటింటికీ ప్రత్యేక వసూలు తప్పదు. వేరే ఖాతా ఉందా, దాని స్టేట్‌మెంట్ ఏదీ అని ఏటా అడగాల్సిందే.

అనుమానం ఉందని చార్జి మొత్తం ఆపేయొద్దు. లేటు ఫీజు పడుతుంది, పైగా బకాయిదారు మాటకు విలువుండదు. అభ్యంతరం రాతపూర్వకంగా తెలుపుతూ కట్టండి. ఏ పద్దు, ఏ నెల, ఏ వోచర్ కావాలో అందులోనే రాయండి. ‘మొత్తం లెక్కలు చూపండి’ అంటే వచ్చేది ఒక పేజీ సారాంశమే.

నా మార్కులు: పనికి అయిదుకు నాలుగు, లెక్కలకు రెండు.