ముసలి బ్యాట్‌మ్యాన్, పడుచు బ్యాట్‌మ్యాన్

అమలాపురంలో మా మిత్రుల మధ్య చేతులు మారి అంచులు నలిగిన రెండు బ్యాట్‌మ్యాన్ కామిక్ (బొమ్మల కథల) సంపుటాలపై అభిప్రాయాలు నేటికీ కలవలేదు. రెండింటి రచయితా ఫ్రాంక్ మిల్లరే. 1986 నాటి ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’లో పదేళ్ల విరామం తరువాత 55 ఏళ్ల బ్రూస్ వేన్ (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు) మళ్లీ ముసుగు తొడుగుతాడు. పుటకు పదహారు గళ్ల వరకు కిక్కిరిసే బొమ్మలు, నడుమ టీవీ వార్తల రొద ఊపిరాడనివ్వవని కొందరి ఫిర్యాదు కాగా, ఆ ఉక్కిరిబిక్కిరే నగరపు జబ్బును చూపుతుందని మరికొందరి వాదన. బ్యాట్‌మ్యాన్ తొలి ఏడాదిని చెప్పే 1987 నాటి ‘ఇయర్ వన్’లో డేవిడ్ మాజుకెల్లి గీతలు పొదుపైనవి, లంచగొండి పోలీసుల మధ్య పెనుగులాడే పోలీసు అధికారి గోర్డన్‌దే అసలు కథ అని నాకనిపిస్తుంది. బ్యాట్‌మ్యాన్ లేని పుటలే ఇందులో నన్ను ఎక్కువగా పట్టి ఉంచాయి. కొత్త పాఠకులకు దీనినే ఇస్తాను. మొదటిదానికి మాత్రం, వరదకు లంకల పడవలు ఆగిన రోజంత తీరిక కావాలి.