నాలుగేళ్లు వాడాక: మా ల్యాబ్ ప్రొటీన్ ప్యూరిఫికేషన్ మెషిన్

తిరుపతిలోని మా ల్యాబ్‌కి ఈ ఆటోమేటిక్ క్రొమటోగ్రఫీ మెషిన్ వచ్చి నాలుగేళ్లు దాటింది. అది లేని రోజుల్లో హిస్-ట్యాగ్ ప్రొటీన్ (నికెల్‌కి అంటుకునే చిన్న తోక తగిలించిన ప్రొటీన్) తీయాలంటే మే నెలలో కూడా స్వెటర్ వేసుకుని 4 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో కూర్చోవాలి. చేత్తో బఫర్ ద్రావణం పోయడం, ట్యూబులు మార్చడం. ఏడాదంతా జలుబే.

1 లీటరు కల్చర్ (ప్రొటీన్ తయారుచేసే బ్యాక్టీరియా పెంచిన ద్రవం) వరకు అలాగే నెట్టుకొచ్చాం. 6 లీటర్లకు వెళ్లాక చేతులెత్తేశాం. 200 మి.లీ. లైసేట్ (పగలగొట్టిన కణాల రసం) 5 మి.లీ. నికెల్ కాలమ్‌లోంచి (నికెల్ పట్టించిన రెజిన్ నింపిన గొట్టం) చుక్క చుక్కగా దిగేసరికి పొద్దుపోయేది. ఇప్పుడు పంపే నిమిషానికి 2 మి.లీ. చొప్పున లాగుతుంది. గంటా నలభై నిమిషాల్లో లోడింగ్ అయిపోతుంది, ఈలోపు టీ తాగి రావచ్చు. నికెల్ నుంచి ప్రొటీన్‌ను విడిపించే ఇమిడజోల్‌ను 20 నుంచి 500 మిల్లీమోలార్ దాకా మెల్లగా పెంచుతుంది కాబట్టి, గట్టిగా అంటుకోని వేరే ప్రొటీన్లు ముందే దిగిపోతాయి. ప్రొటీన్లను సైజును బట్టి విడదీసి చూపే జెల్ చూస్తే తేడా తెలుస్తుంది.

అయితే ఇది మహా సున్నితం. సోనికేషన్ (శబ్ద తరంగాలతో కణాలు పగలగొట్టడం) సరిగా కాక డీఎన్ఏ జిగట మిగిలిందా, ప్రెజర్ అలారం కొట్టి ఆగిపోతుంది. డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్ డీఎన్ఏజ్ వేసి, సెంట్రిఫ్యూజ్‌లో బాగా తిప్పి, 0.45 మైక్రాన్ ఫిల్టర్ పట్టాకే ఎక్కించాలి. మెషిన్ మిగిల్చిన టైమ్‌లో సగం ఈ ఫిల్టరే తినేస్తుంది. ఒకసారి కొత్తగా చేరిన అబ్బాయి ఈడీటీఏ (లోహాలను పట్టి లాగేసే రసాయనం) ఉన్న ఇన్హిబిటర్ మాత్ర (ప్రొటీన్ చెడిపోకుండా వేసేది) వేశాడు. లేత నీలంగా ఉండే కాలమ్ మా కళ్లముందే పైనుంచి కిందకి తెల్లబడింది. నికెల్ ఊడిపోయి ప్రొటీన్ మొత్తం ఫ్లోత్రూలోకి (కాలమ్‌కి అంటుకోకుండా బయటికొచ్చే ద్రవం) వెళ్లింది. నికెల్ సల్ఫేట్ పంపితే కాలమ్‌కి మళ్లీ రంగొచ్చింది. వాడి మొహంలోకి రావడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

బ్రహ్మోత్సవాల సెలవులకు ఉప్పు బఫర్ పంపులోనే వదిలేసి వెళ్లడం మా తప్పే. 20 శాతం ఇథనాల్ నింపాల్సింది. వచ్చేసరికి పంప్ హెడ్ చుట్టూ తెల్లటి స్ఫటికాలు, సీల్ లీక్. కానీ చెన్నై నుంచి సర్వీస్ ఇంజనీర్ రావడానికి మూడు వారాలు పట్టడం మా తప్పు కాదు.

అసలు బాధ ఇంకోటుంది. ప్రొటీన్ కరగకుండా కణంలోనే గడ్డకడితే ఈ మెషిన్ చేసేదేమీ లేదు. మా ప్రొటీన్ 37 డిగ్రీల్లో గడ్డకడుతుంది, ప్రొటీన్ తయారీ మొదలుపెట్టించే ఐపీటీజీ వేశాక రాత్రంతా 18లో ఉంచితేనే కరిగి వస్తుంది. కల్చర్‌ను ఊపుతూ పెంచే మా పాత షేకర్‌కేమో కూలింగ్ లేదు. ఎండాకాలంలో ఏసీ వేసినా 25 కిందకి దిగదు. ముందు కూలింగ్ షేకర్ కొని, తర్వాత దీని జోలికి వచ్చుంటే బాగుండేది. ఇప్పటికీ ఏప్రిల్, మే వచ్చిందంటే పక్క డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి వాళ్ల షేకర్ అడుక్కుంటున్నాం.