పిల్లల చేతికట్టుకు పౌచు, వాటర్‌ప్రూఫ్ కవరు: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

బిడ్డ చేతికి కట్టు వేయించుకుని బయటికి రాగానే మందుల షాపులో రెండు సామాన్లు అడుగుతారు. ఒకటి మెడలో వేసే చేతి పౌచు, రెండోది స్నానానికి తొడిగే వాటర్‌ప్రూఫ్ కవరు. పౌచు రెండు మూడు వందల్లో వస్తుంది. కవరుకు మామూలుగా అంతకంటే ఎక్కువే పెట్టాలి. డబ్బు ఎక్కువ పోయేది కవరు మీద, పగలంతా పని చేసేది పౌచు. కొలత చూడకుండా కొనేది మాత్రం రెండూ. ఇక్కడ రాసింది ఏ ఒక్క కంపెనీ సరుకు గురించీ కాదు. మూడేళ్ల నుంచి పదేళ్ల లోపు బిడ్డకు ఈ రెండు రకాలూ ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నదే సంగతి.

ముందు కవరు. పొడుగాటి ప్లాస్టిక్ సంచి, దాని మూతికి సాగే రబ్బరు పొర, పొర మధ్యలో చిన్న రంధ్రం. చెయ్యి అందులోంచి లోపలికి పోతే రబ్బరు చర్మాన్ని పట్టుకుని నీళ్లు ఆపుతుంది. పనంతా ఆ మూతిదే. సంచి ఎంత మందంగా ఉన్నా మూతి సరిగా కూర్చోకపోతే దండగ. రబ్బరు పట్టుకోవాల్సింది కట్టును కాదు, కట్టుకు పైనున్న ఒట్టి చర్మాన్ని. కట్టు మీదే కూర్చుంటే అంచు సందులోంచి నీళ్లు నేరుగా లోపలి దూదిలోకి పోతాయి.

అందుకే కట్టు ఎక్కడిదాకా ఉందో చూడకుండా కవరు కొనకూడదు. మణికట్టు దగ్గర ఎముక నొక్కుకుపోయి మోచేతి కిందిదాకే కట్టు వేసి ఉంటే, పైన చోటు కావలసినంత ఉంటుంది, కవరు బాగా పని చేస్తుంది. చిక్కంతా మోచేతి పైకి వేసిన పొడుగు కట్టుతోనే. అయిదేళ్ల బిడ్డకు ఆ కట్టు దాదాపు చంకదాకా వస్తుంది, పైన రెండు వేళ్ల వెడల్పు చర్మం మిగిలితే గొప్ప. రబ్బరు అక్కడ కూర్చున్నట్టే కూర్చుంటుంది, బిడ్డ చెయ్యి కాస్త కదిలించగానే చంక మడత దగ్గర చుట్టుకుపోయి సందు ఇస్తుంది. పిల్లలు పడి మోచేతి పైన ఎముక విరగడం చాలా ఎక్కువ, వాళ్లకు వేసేది ఈ పొడుగు కట్టే. అంటే కవరు అవసరం ఎక్కువగా ఉన్న బిడ్డకే అది తక్కువ పనికొస్తుంది. పొడుగు కట్టుకు కవరు కొనొద్దు. తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే నయం.

కొనేటట్టయితే కొలతలు రెండు. వేళ్ల కొసల నుంచి కట్టు పై అంచు దాకా కొలిచి, దానికి రెండు మూడు అంగుళాలు కలపండి. తర్వాత రబ్బరు కూర్చునే చోట చేతి చుట్టుకొలత తీసుకోండి. పెట్టె మీద వయసు చూసి కొనేవాళ్లే ఎక్కువగా తప్పు సైజు తెచ్చుకుంటారు. ఏడేళ్ల బక్కపిల్లాడి చెయ్యీ నాలుగేళ్ల బొద్దుపిల్ల చెయ్యీ ఒకే కొలత ఉండొచ్చు. రబ్బరు వదులైతే నీళ్లు పోతాయి, బిగుతైతే వేళ్లు కమిలిపోతాయి. బిగుతు సరిపోయినా పావుగంటకు మించి ఉంచకండి.

ఇంటికి తెచ్చాక బిడ్డకు తొడిగే ముందు సంచిలో అరచెంబు నీళ్లు పోసి, మూతి చేత్తో బిగించి తలకిందులు చేసి అతుకుల వెంట చూడండి. ప్లాస్టిక్ అతికిన గీత దగ్గర, ముఖ్యంగా కింది మూలల్లో, చెమ్మ కనిపిస్తే షాపుకు తిరిగి ఇచ్చేయొచ్చు. ఒకసారి వాడాక తీసుకోరు.

తొడగడానికి ఇద్దరు కావాలి. ఒకరు నాలుగైదు వేళ్లు రంధ్రంలో పెట్టి రబ్బరును చుట్టూ సాగదీసి పట్టుకోవాలి, రెండోవారు బిడ్డ చేతిని మెల్లగా లోపలికి పంపాలి. ఒక్కరే చేస్తే రబ్బరు కట్టు మీద రాసుకుంటూ పోతుంది. ఫైబర్ కట్టు (ఫైబర్‌గ్లాస్ పట్టీతో వేసేది) అంచు గరుకుగా ఉంటుంది, రబ్బరు చిరిగేది అక్కడే. అంచు మీద పాత సాక్సు పై భాగాన్ని కత్తిరించి తొడిగితే చిరగదు. రబ్బరు కూర్చున్నాక ఆ ముక్క పూర్తిగా సంచి లోపలే ఉందో లేదో చూడండి; కొస బయట ఉంటే వత్తిలా నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది.

పెట్టె మీద ఈత కొడుతున్న పిల్లల బొమ్మ ఉంటుంది. మన ఇళ్లల్లో స్నానం బకెట్టూ చెంబూ కాబట్టి లెక్క వేరు. నెత్తి మీద పోసిన నీళ్లు భుజం మీదుగా జారి సరిగ్గా రబ్బరు మీదికే వస్తాయి. బిడ్డను పీట మీద కూర్చోబెట్టి, కట్టున్న చేతిని పక్కకు చాపి పక్కన బోర్లించిన బకెట్టు మీద ఆనించి, రెండో భుజం వైపు నుంచి పోయండి. తలంటు వారానికొకటి చాలు, అదీ బిడ్డను మంచం మీద పడుకోబెట్టి తల అంచు దాటేలా ఉంచి. తిరుమలలో గుండు కొట్టించే మొక్కుంటే కల్యాణకట్ట దాకా ఫరవాలేదు, ఆ తర్వాత పుష్కరిణిలో ముంచడం మాత్రం కట్టు విప్పాకే. కపిలతీర్థమైనా అంతే. ఏ కవరైనా నీళ్లు పైన పడినప్పటి కోసమే అనుకుని వాడితే మోసపోరు.

కవరు లేకుండా ఇంట్లో చేసేది: కట్టు పై అంచుకు కొంచెం పైన చిన్న తువ్వాలును పొడుగ్గా మడిచి చేతి చుట్టూ ఒక చుట్టు చుట్టండి. దాని మీదుగా చిరగని పాలిథిన్ సంచి ఒకటి తొడిగి, పైన ప్లాస్టిక్ టేపు అతికించండి. ఆ పైన రెండో సంచి తొడిగి దానికీ టేపు వేయండి. దిగిన నీళ్లను తువ్వాలు తాగేస్తుంది. రబ్బరు బ్యాండు వేయకండి, అది సన్నగా కోసుకుపోయి రక్తం ఆపుతుంది. పొడుగు కట్టుకు ఈ పద్ధతీ అంతంతమాత్రమే, కానీ పోయేది సంచి ఖరీదే.

కవరు వల్ల వచ్చే ఇంకో ఇబ్బంది పెట్టె మీద రాయరు. మేనెలలో మన ఎండకు లోపల చెమట పట్టి, బయటి నీళ్లు రాకపోయినా దూది చెమ్మగిల్లుతుంది. స్నానం కాగానే తీసేసి చెయ్యిని ఫ్యాను కింద పెట్టండి. కవరును లోపలి వైపు బయటికి తిప్పి నీడలో ఆరేయండి; ఎండలో వేస్తే రబ్బరు పగుళ్లిస్తుంది.

కట్టు తడిసిందనుకోండి. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్, తెల్లటి పిండికట్టు) అయితే మెత్తబడి విరుగుతుంది, ఆరబెట్టినా మళ్లీ మునుపటిలా కాదు, ఆసుపత్రికి పోవాల్సిందే. ఫైబర్ తడిసినా చెడదు అంటారు. నిజమే, చెడనిది పైన గట్టిగా ఉండే ఆ పట్టీ మాత్రమే. లోపలి మామూలు దూది తడిస్తే చర్మం నానిపోయి పుండు పడుతుంది. కొంచెం చెమ్మైతే హెయిర్ డ్రయ్యరు చల్లగాలిలో పెట్టి ఆరబెట్టొచ్చు, వేడిగాలి చర్మాన్ని కాలుస్తుంది. పూర్తిగా నానినా, కొన్ని గంటల్లో ఆరకపోయినా, వాసన వచ్చినా కట్టు మార్పించాలి. అన్నట్టు, మొదటి రోజే ఫైబర్ కట్టు వేయమని డాక్టరును ఒత్తిడి చేయకండి. మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతుంది కాబట్టే చుట్టూ బిగించకుండా ఒక పక్క పీఓపీ పలక పెట్టి గుడ్డ చుడతారు. అది చవక వైద్యం కాదు, వాపుకు చోటివ్వడం. ఆ పీఓపీ పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా అరచేత్తో పట్టుకోవాలి, వేళ్లతో నొక్కితే పడిన సొట్ట లోపల చర్మాన్ని ఒత్తుతూ ఉంటుంది.

ఇక పౌచు. ఇది కొనండి, కానీ బిడ్డను పక్కన పెట్టుకుని. మోచేతి వెనక నుంచి చిటికెన వేలు మొదలు దాకా ఎంతుందో పౌచు అంత పొడవుండాలి. పొట్టిదైతే మణికట్టు అంచు మీదుగా కిందికి వేలాడుతుంది. పొడుగైతే వేళ్లు లోపల దాక్కుంటాయి, రంగు చూడలేరు. ఇది చిన్న విషయం కాదు, మొదటి మూడు రోజులూ తల్లిదండ్రులు చూడాల్సింది వేళ్ల రంగే. మోచెయ్యి పౌచు మూలలోకి పూర్తిగా దిగాలి. పట్టీ పొడవు ఎంతంటే, అరచెయ్యి మోచేతి కంటే కొంచెం ఎత్తులో ఉండాలి. చాలామంది బిడ్డల చెయ్యి బొడ్డు దగ్గర వేలాడుతుంటుంది. పట్టీ రెండంగుళాలు తగ్గిస్తే సాయంత్రానికి వేళ్ల వాపులో తేడా కనిపిస్తుంది.

గుడ్డ రకం చూసుకోండి. మందపాటి గుడ్డ పౌచు చూడ్డానికి గట్టిగా ఉంటుంది, తిరుపతి వేసవిలో మాత్రం చెమట కాయలు తెప్పిస్తుంది. జాలీ గుడ్డే మేలు. మెడ మీద పట్టీకి మెత్త లేకపోతే ఒక రుమాలు చుట్టండి. వెల్‌క్రో ఆడపిల్లల జడను పట్టేస్తుంది, వారం తిరిగేసరికి నూలు పోగులు నిండి పట్టు తప్పుతుంది. పాత టూత్‌బ్రష్షుతో గీకితే మళ్లీ పట్టుకుంటుంది. రెండు పౌచులు అక్కర్లేదు. మీటరు చదరం నూలు గుడ్డను మూలకు మూల కోస్తే రెండు త్రికోణాలు వస్తాయి, ఇంట్లో అవే చాలు. ముడి మెడ వెనక వెన్నెముక మీద పడకుండా పక్కకు వేయండి. పౌచు బడికి, ప్రయాణానికి. రాత్రి పడుకునేటప్పుడు తీసేసి చెయ్యిని దిండు మీద గుండె కంటే ఎత్తులో పెట్టాలి.

వేళ్లు చూడడం ఇలా. గోరు నొక్కితే తెల్లబడుతుంది, వదలగానే రెండు సెకన్లలో ఎర్రబడాలి. రెండో చేతి గోరుతో పోల్చండి. వేళ్లు చల్లబడినా, నీలంగా గానీ పాలిపోయి గానీ కనిపించినా, మొద్దుబారినా, మెల్లగా చాపితే బిడ్డ కేక పెట్టినా, మందు వేసినా నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా ఆసుపత్రికి వెళ్లాలి, రాత్రి పన్నెండైనా సరే. కట్టు లోపల వాపుకు చోటు లేక కండకు రక్తం అందడం లేదని అర్థం. తెల్లారి చూద్దాంలే అంటే చెయ్యి శాశ్వతంగా వంకరపోవచ్చు. పసిబిడ్డలు నొప్పి ఎక్కడో చెప్పలేరు, ఊరుకోబెట్టినా ఊరుకోరు. ఆ చిరాకే గుర్తు.

నొప్పి మందు మాట వచ్చింది కాబట్టి: పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.కు 120 మి.గ్రా. అనీ, 250 మి.గ్రా. అనీ రెండు బలాల్లో దొరుకుతుంది. కిలోకు 15 మి.గ్రా. లెక్కన 16 కిలోల బిడ్డకు 240 మి.గ్రా.; మొదటి సీసాలో అది 10 మి.లీ., రెండోదానిలో దాదాపు 5 మి.లీ. సీసా మారినప్పుడు పాత కొలతే పోస్తే సగమో రెట్టింపో అవుతుంది. ఎన్ని గంటలకోసారి అన్నది డాక్టరు చీటీలో చూసుకోండి.

దురదకు స్కేలు, పెన్సిలు, ఊచ ఏదీ లోపలికి పోనివ్వకండి. చర్మం గీసుకుపోతే లోపల చీము పట్టేదాకా తెలియదు. పౌడరు పోస్తే చెమటకు ముద్దకట్టి ఇంకా దురద పెడుతుంది. చల్లగాలి పెట్టడం, కట్టు పైన వేళ్లతో తట్టడం, అంతే. బొరుగులు, బిస్కట్టు ముక్కలు లోపల పడకుండా తినేటప్పుడు పై అంచుకు గుడ్డ కప్పండి.

మన వైపు చెయ్యి విరిగిందంటే నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు మాట రాకుండా ఉండదు. ఎక్కడికి పోయినా బిడ్డ మోచేతి దగ్గర దెబ్బైతే ముందు ఎక్స్‌రే తీయించి, మణికట్టు దగ్గర నాడి అందుతోందో లేదో డాక్టరుతో చూపించండి. అక్కడ రక్తనాళం, నరాలు ఎముకను ఆనుకుని పోతాయి. ఎముక పక్కకు జరిగి ఉంటే పిన్నులు వేయాల్సి రావొచ్చు, పైనుంచి ఎంత బాగా కట్టినా నిలవదు. కట్టు విప్పాక మోచేతికి నూనె పెట్టి గట్టిగా మర్దనా చేయించకండి, బలవంతంగా చాపించకండి. కండలో ఎముక పేరుకుని కీలు ఇంకా బిగుసుకుంటుంది. ఆడుకుంటూ ఉంటే పిల్లల మోచెయ్యి వారాల్లో దానంతటదే సాగుతుంది.

కట్టు కోసే మిషన్ చప్పుడుకు బిడ్డలు హడలిపోతారు. ఆ బ్లేడు గిరగిరా తిరగదు, అటూ ఇటూ సన్నగా అదురుతుంది. గట్టి కట్టును కోస్తుంది గానీ మెత్తటి చర్మం దానితో పాటే కదులుతుంది కాబట్టి మామూలుగా తెగదు. వేడెక్కితే మాత్రం చురుక్కుమంటుంది. బిడ్డ మంట అంటే పేచీ అనుకోకుండా ఆపమనండి. లోపల చెయ్యి సన్నబడి, పొట్టు రేగి, వెంట్రుకలు పెరిగి కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పైపైన కొబ్బరినూనె రాస్తే వారం పది రోజుల్లో పొట్టు పోతుంది.

పౌచును సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి, వెల్‌క్రో మూసి ఆరేయండి. కవరు రబ్బరుకు మాత్రం ఆరాక కాస్త పౌడరు రాసి, మడవకుండా చుట్టి పెట్టండి. రబ్బరు అంటుకోకుండా ఉంటే ఇంకో ఇంటి బిడ్డకు పనికొస్తుంది. ఇచ్చే ముందు మళ్లీ అరచెంబు నీళ్లు పోసి అతుకులు చూడండి.