తక్కువ బడ్జెట్ సైన్స్ ఫిక్షన్ షూటర్లు: హార్డ్ రీసెట్టా, బ్రైట్ మెమరీయా, అయాన్ ఫ్యూరీయా?

చిన్న స్టూడియోలు తీసిన సైన్స్ ఫిక్షన్ షూటర్లలో, అంటే తుపాకీతో కాల్చే గేముల్లో, ఏది కొనాలని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నేను ప్రతిసారీ ఒకే పేరు చెబుతాను. వాళ్ళు సరేనని తలూపి, చివరికి ట్రైలర్ ఎక్కువ మెరిసిన గేమే కొంటారు. అందుకే ఈసారి పేరుతో పాటు కారణాలు కూడా.

పోటీలో ఉన్నవి ప్రధానంగా మూడు. హార్డ్ రీసెట్‌ని 2011లో పోలండ్‌కి చెందిన ఫ్లయింగ్ వైల్డ్ హాగ్ విడుదల చేసింది. వాళ్ళ తొలి గేమ్ అది. దాన్నే కొంత సానబెట్టి 2016లో హార్డ్ రీసెట్ రీడక్స్‌గా మళ్ళీ తెచ్చారు. ఇప్పుడు కొనేవాళ్ళు రీడక్సే చూసుకోవాలి. బ్రైట్ మెమరీ ఇన్ఫినిట్ 2021 నవంబరులో వచ్చింది. చైనాలో ఎఫ్‌వైక్యూడీ స్టూడియో పేరుతో దాదాపు ఒంటిచేత్తో ఒకే డెవలపర్ నడిపించిన ప్రాజెక్టు. అయాన్ ఫ్యూరీ 2019 నాటిది. 1996లో వచ్చిన డ్యూక్ న్యూకెమ్ 3డీ అనే షూటర్‌కి వాడిన బిల్డ్ ఇంజన్ (గేమ్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) మీదే దాన్ని కట్టారు.

కథ ఎలా ఉంది, గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఎన్ని గంటలు వస్తుంది అనే ఈ మూడే అందరూ అడుగుతారు. నా మటుకు నాకు ఈ మూడూ తర్వాతి సంగతే. తూటా తగిలాక అవతల ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. షూటర్‌లో మనం మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా చేసే పని కాల్చడమే కదా. ఆ పనికి జవాబు సరిగ్గా రాకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా అరగంటలో చేయి మొద్దుబారుతుంది.

బడ్జెట్ లేకపోవడం బయటపడేది కూడా సరిగ్గా అక్కడే. మనిషి రూపంలో ఉన్న శత్రువుకి భుజం మీద తగిలితే భుజం వెనక్కి పోవాలి, కాలికి తగిలితే తూలాలి, పక్కవాడు పడిపోతే వీడు దాక్కోవాలి. వీటన్నిటికీ యానిమేషన్లు కుప్పలుగా కావాలి. పెద్ద స్టూడియోలు జనాన్ని పెట్టి చేయిస్తాయి. చిన్న స్టూడియో తీసిన గేముల్లో చాలావాటిలో శత్రువు పది తూటాలు తిన్నా ఏమీ కానట్టు నిలబడి, పదకొండోదానికి ఒక్కసారిగా కుప్పకూలిపోతాడు. ఈ చిక్కుని ఎవరు ఎలా దాటారన్న దాన్నిబట్టే నా ఎంపిక.

హార్డ్ రీసెట్ వాళ్ళు తెలివిగా మొత్తం సమస్యనే పక్కకు నెట్టేశారు. అందులో మనం కాల్చేవి దాదాపు అన్నీ యంత్రాలే. ఇనుముకి ముఖకవళికలు అక్కర్లేదు, నొప్పి అక్కర్లేదు. తగిలినచోట నిప్పురవ్వలు రాలాలి, రేకులు ఊడాలి, చివర్లో పేలాలి. ఆ మూడూ ఈ గేమ్‌లో అద్భుతంగా కుదిరాయి. నేల మీద రంపపు బ్లేడ్లతో గుంపుగా పరిగెత్తుకొచ్చే చిన్న రోబోలని షాట్‌గన్‌తో కొడితే ముందున్నది ముక్కలై వెనకున్నవాటి మీద పడుతుంది. తల వంచుకుని దున్నపోతులా దూసుకొచ్చే పెద్ద యంత్రం నుంచి పక్కకి తప్పుకుంటే, దాని వేగానికి అదే గోడకి గుద్దుకుంటుంది.

ఇంకో విశేషం, మనం నిలబడిన వీధి కూడా యుద్ధంలో దిగుతుంది. ఎర్ర పీపాలు పేలడం ప్రతి షూటర్‌లోనూ ఉంది. ఇక్కడ వాటితో పాటు గోడకున్న కరెంటు పెట్టెలు, ఆగి ఉన్న కార్లు కూడా ఆయుధాలే. కరెంటు పెట్టెని కాలిస్తే చుట్టూ మెరుపులు చిమ్మి దగ్గరున్న రోబోలని బిగుసుకుపోయేలా చేస్తాయి. ఆ నాలుగు క్షణాల్లో కారుని పేల్చారంటే ఒక్క దెబ్బకి సగం గుంపు ఖాళీ. మీరు దగ్గరుంటే మీరూ ఖాళీ, అదీ సరదాయే. అంటే ఎదురుగా వచ్చేదాన్ని చూడటం సగం పని అయితే, దాని పక్కన ఏముందో చూడటం మిగతా సగం. ఒకే వీధిలో రెండోసారి ఆడినా యుద్ధం అచ్చంగా అలాగే జరగదు.

తుపాకులు రెండే. ఒకటి మామూలు తూటాలది, రెండోది ప్లాస్మాది. కానీ నానో అనే సరుకు ఏరుకుంటూ పోతే ఆ రెండే షాట్‌గన్, రాకెట్ లాంచర్, రైల్‌గన్ లాంటి రకరకాల ఆయుధాలుగా విడివడతాయి. తుపాకీ మన కళ్ళముందే భాగాలు జరిగి రూపం మార్చుకుంటుంది. డబ్బు తక్కువున్న చోట బుర్ర పెట్టడం అంటే ఇదే. పది తుపాకులు విడివిడిగా తయారుచేసే బదులు రెండిటినే పది రకాలుగా వాడించారు.

లోపాలు లేవా అంటే బోలెడు. కథ కామిక్ బొమ్మల్లో గబగబా చెప్పేస్తారు. బెజోర్ అనే నగరం, మేజర్ ఫ్లెచర్ అనే హీరో, ఒక కార్పొరేషన్, ఇంతకుమించి గుర్తుండేది లేదు. మొదటిసారి విడుదలైనప్పుడు ముగింపు మధ్యలో తెగినట్టు ఉండేది. 2012లో ఉచితంగా ఇచ్చిన అదనపు లెవెల్స్‌తో ఆ లోటు కొంత పూడింది, రీడక్స్‌లో అవీ కలిసే వస్తాయి. కావాల్సినచోట సేవ్ చేసుకునే వీలు లేదు, చెక్‌పాయింట్లే దిక్కు. పెద్ద గుంపు చివర్లో చచ్చిపోతే మొత్తం మళ్ళీ ఆడాలి, అప్పుడు నిజంగా చిరాకేస్తుంది. రీడక్స్‌లో చేర్చిన డ్యాష్ (ఒక్క ఊపున పక్కకి దూసుకెళ్ళడం) వల్ల తప్పించుకోవడం తేలికై ఆ చిరాకు కాస్త తగ్గింది. కత్తి కూడా ఇచ్చారు గానీ నేను దాని జోలికి పెద్దగా పోను.

ఇక బ్రైట్ మెమరీ. స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెడితే ఇదే గెలుస్తుంది, అందులో సందేహం లేదు. వాన, తడిసిన రాళ్ళు, ఆకాశంలో నల్లగా తెరుచుకున్న కృష్ణబిలం, దాని కింద ప్రాచీన చైనా సైనికులు! 2036లో జరిగే కథలో వాళ్ళేంటన్నది గేమే సరిగ్గా చెప్పదు, మీరూ అడగకండి. మనం ఆడే కథానాయిక షీలా చేతిలో ఒకవైపు తుపాకీ, ఇంకోవైపు కత్తి. యాంత్రిక హస్తంతో దూరాన ఉన్న శత్రువుని తన దగ్గరికి లాగి, గాల్లో ఉండగానే కత్తితో రెండు దెబ్బలు వేసి, కింద పడేలోపు షాట్‌గన్ పేల్చవచ్చు. మొదటిసారి ఇది కుదిరినప్పుడు ఎవరికైనా ముఖం వెలిగిపోతుంది.

నేను పెట్టుకున్న కొలతలో ఇది సగం దాకానే వస్తుంది. కత్తి తగిలితే అవతలివాడికి తెలుస్తుంది, తుపాకీ తగిలితే అంతగా తెలియదు. దూరం నుంచి రైఫిల్‌తో కాలుస్తున్నప్పుడు సైనికులు బొమ్మల్లా నిలబడి తూటాలు తింటారు. అందుకే కాసేపటికి మనకి తెలియకుండానే తుపాకీ వదిలి కత్తి వైపు వెళ్ళిపోతాం. పైగా మధ్యలో దొంగచాటుగా నడిచే లెవెల్ ఒకటి, కారు తోలే లెవెల్ ఒకటి పెట్టారు. ఏదీ రుచి తెలిసేంత సేపు ఉండదు. మొత్తం రెండు మూడు గంటల్లో అయిపోతుంది. ఒక్క మనిషి ఇంత చేశాడా అని ఆశ్చర్యపోవడం వేరు, మళ్ళీ ఆడాలనిపించడం వేరు. నాకు మొదటిదే కలిగింది. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండి, దాని సత్తా ఏంటో ఒక సాయంత్రం చూడాలనుకునేవాళ్ళకి మాత్రం ఇదే సరైనది.

మీది పాత లాప్‌టాప్ అయితే ఈ చర్చంతా వదిలేసి అయాన్ ఫ్యూరీ తీసుకోండి. ఇందులో శత్రువులు త్రీడీ మోడల్స్ కావు, పాత పద్ధతిలో చుక్కలు పేర్చి గీసిన బొమ్మలు. తగిలినప్పుడు వాటి బొమ్మ మారుతుంది, అంతే. అయినా ఆ మార్పు ఎంత కచ్చితంగా ఉంటుందంటే, తగిలిందో లేదో అన్న అనుమానం ఒక్కసారి కూడా రాదు. నిడివిలో మిగతా రెండిటికంటే పెద్దది. ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు, రహస్య గదులు లెక్కలేనన్ని. నాకు దీనితో ఉన్న ఇబ్బంది తాళాల గోల. తలుపు తెరిచే రంగు కార్డు వెతుక్కుంటూ ఖాళీ కారిడార్లలో తిరిగే సమయం ఎక్కువ. అలా వెతకడం మీకు ఇష్టమైతే నా మాట పట్టించుకోకుండా దీన్నే మొదటి స్థానంలో పెట్టుకోండి.

టైటాన్‌ఫాల్ 2 గురించి కూడా అడుగుతుంటారు. అది 2016లో పెద్ద డబ్బుతో తీసిన గేమ్, తరచూ భారీ డిస్కౌంట్‌లో దొరుకుతుంది. దొరికితే కొనేయండి, దానికి పోలిక అక్కర్లేదు. పాత పద్ధతి షూటర్లు ప్రోడియస్, బోల్ట్‌గన్ రెండూ బాగానే ఉంటాయి. అయాన్ ఫ్యూరీ నచ్చినవాళ్ళు తర్వాత చూసుకోవచ్చు.

నా ఓటు హార్డ్ రీసెట్ రీడక్స్‌కే. మొదలుపెట్టినప్పుడు చేతికొచ్చిన నానోని షాట్‌గన్ కోసం ఖర్చుపెట్టండి, ప్లాస్మా హంగులు తర్వాత. నార్మల్ కష్టస్థాయిలో చప్పగా అనిపిస్తే వెంటనే హార్డ్‌కి మారండి. కరెంటు పెట్టెల అవసరం అక్కడే నిజంగా తెలుస్తుంది.